మిరప విత్తు నడచిన బాట

రాయపూరు నుండి ధమతరికి పోవు బాటలో సుమారు 30 కిలోమీటర్ల దూరమున అభన్‌పూర్ అను చిన్న పట్టణము కలదు. ఆ పేరు విన్న తెలుగువారు తక్కువ. ఆ ఊరి మీదుగా ప్రయాణము చేసిన తెలుగువారు మాత్రము తక్కువ కారు. ఈ బాటయే ధమతరి, కాంకేర్, కొండగావ్, జగదల్‌పూర్, సుక్మా పట్టణములను దాటి, కుంట కడ తెలుగు నేలకు దిగి, భద్రాచలము మీదుగా సాగి, విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున ముగియును. నేడు దీనిని 30వ నంబరు జాతీయ రహదారి యందురు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు 1900 ప్రాంతమున రాయపూరు నుండి ధమతరికి రెండడుగుల ఆరంగుళముల సన్నపట్టాల మార్గము వేసినప్పుడు, రాజిమ్‌నకు పోవు శాఖ ఇచ్చటనే చీలినది. ఆ చిన్నబండి నేడు లేదు. వెడల్పు పట్టాలు పరచి, 2025 మార్చి 30వ తేదీన రాయపూరు, అభన్‌పూర్‌ల నడుమ కొత్త బండిని ప్రారంభించిరి.

ఈ సీమ వరికి పెట్టినది పేరు. అచ్చటి రైతు తన భూమిని కన్హార్, దొర్సా, మటాసీ, భాటా అని నాలుగు తెగలుగా చెప్పును. కన్హార్ అనునది మన నల్లరేగడికి చెల్లెలు. పొలమంతయు వరియే అయినను, ఇంటి వెనుక ‘బాడీ’ అను పెరటితోట యుండును. అందు వంగ, బెండ, సొర మొదలైన వానితోపాటు నాలుగు మిరపమొక్కలు తప్పవు. 1930ల ఆరంభమున విజయనగరము నుండి రాయపూరుకు రైలుమార్గము పూర్తియైన పిదప ఉత్తరాంధ్రము నుండి వచ్చి రాయపూరు రైల్వే బస్తీలలో, వ్యాగన్ కార్ఖానా ఇండ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబములకును, పెరడున్నచో మిరప తప్పదు. విత్తనముల దుకాణము తెలియని రోజులలో వారికి విత్తనమెచ్చటిది? ఊరినుండి తెచ్చుకొన్న కాయలోనిదే. ఒక పండుకాయను చీల్చి, గింజలు తీసి, మట్టిలో వేసి నీరు చల్లిన మొలచునా? ఎప్పుడు మొలచును, ఎప్పుడు మొలవదు? ఇది తోటమాలి ప్రశ్న వలె కన్పట్టును గాని, మిరప మన దేశమునకు వచ్చిన చరిత్రలో సగము ఈ ప్రశ్నలోనే యున్నది.

మిరప లేని కాలమును గూర్చి ముందు చెప్పవలెను. అభన్‌పూర్ నుండి శాఖ చీలిపోవు రాజిమ్‌నకు సమీపమున చంపారణ్యము కలదు. పుష్టిమార్గ స్థాపకుడైన వల్లభాచార్యుడు 1479లో ఇచ్చట జన్మించెనని సంప్రదాయము. తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మ. కాంకరవాడ నుండి కాశికి పోయిన తెలుగు కుటుంబము. కాశిలో అలజడి రాగలదను భయమున దక్షిణమునకు మరలివచ్చుచుండగా ఈ అడవిలో బిడ్డ పుట్టెనందురు. ఆ దంపతుల దారిబత్తెములో ఏమేమి యుండెనో ఎవరును వ్రాసిపెట్టలేదు గాని, మిరపకాయ మాత్రము లేదని నిశ్చయముగా చెప్పవచ్చును. కొలంబసు ఓడలు స్పెయిను రేవు విడుచుటకు అప్పటికింకను 13 సంవత్సరములున్నవి. వంటలో ఘాటు కావలసినచో మిరియము, అల్లము, పిప్పలి, ఆవాలు, అంతే. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసెనని చాటువులు చెప్పు శ్రీనాథుడును మిరపకాయ నెరుగడు. నేడు ఆ పల్నాడే ఎఱ్ఱని కల్లములకు ప్రసిద్ధి. కవిసార్వభౌముడు చూచియున్న మరియొక చాటువు పుట్టియుండెడిది.

మిరపకు పుట్టిల్లు అమెరికా ఖండము. మెక్సికో ప్రాంతమున వేల సంవత్సరములుగా దానిని సాగు చేయుచుండిరి. ‘చిల్లీ’ అను మాట అచ్చటి నహువాతుల భాషలోనిది. 1493లో కొలంబసు తిరిగివచ్చుచు దానిని స్పెయినుకు తెచ్చెను. 1500లో పోర్చుగీసువారు బ్రెజిలు తీరమును చేరిరి. 1510లో గోవాను పట్టుకొనిరి. నాటినుండి లిస్బను, బ్రెజిలు, గోవాలు ఒకే రాజు ఓడలు తిరుగు రేవులైనవి. గోవాలో దీనికి పెర్నాంబుకో మిరియమను పేరుండినట్లు ఆ శతాబ్దపు యూరపు వృక్షశాస్త్రజ్ఞులు వ్రాసిరి. పెర్నాంబుకో బ్రెజిలులోని రాష్ట్రము. కాయ ఏ దారిన వచ్చెనో పేరే చెప్పుచున్నది. అయినను ఉత్తర దేశమున దీని వ్యాప్తి కొంత ఆలస్యమైనది. 1590 ప్రాంతమున అబుల్ ఫజలు రచించిన అయినీ అక్బరీలో వంటలును, సంబారముల ధరలును వివరముగా నున్నవి. మిరియము కలదు, మిరప లేదు.

క్రొత్త వస్తువు వచ్చినప్పుడు మనవారు ‘సీమ’ అను మాటను తగిలించుట వాడుక. మెక్సికో నుండియే వచ్చిన చింతవంటి చెట్టు సీమచింత యైనది. మన నిత్యపు మిరపకు మాత్రము ఆ ముద్ర పడలేదు. మిరియము వంటి ఘాటు గల కాయ గనుక మిరపకాయ యైనది. తమిళులు మిళగు నుండి మిళగాయ్ అనిరి. కన్నడిగులు మెణసు నుండి మెణసినకాయి అనిరి. ఉత్తరమున మిర్చి యనిరి. నలుగురును పాతదాని పేరునే క్రొత్తదానికి పెట్టిరి. పరదేశి యని గుర్తించుటకు వీలులేని పేరు పెట్టిన పిదప దానిని పరదేశి యనువారెవరు? అంతే కాదు, ‘కారము’ అను మాటనే అది ఆక్రమించినది. ఏ ఘాటుకైనను చెల్లిన ఆ మాటకు నేడు వంటింటిలో మిరపపొడి యనియే అర్థము. శాస్త్రజ్ఞులును ఈ విషయమున మోసపోయినవారే. ఒక మిరప జాతికి 1776లో జాకిన్ అను పండితుడు ‘చైనా మిరప’ యని అర్థము వచ్చునట్లు లాటిను పేరు పెట్టెను. దానికిని చైనాకును ఏ సంబంధము లేదు. అదియు అమెరికా జాతియే. పేరు మాత్రము నేటికిని నిలిచినది.

పూర్వకాలపు జాడ ఒకచోట చెదరక నిలిచియున్నది. తద్దినము నాటి వంటలో చాల ఇండ్ల నేటికిని మిరపకాయ వేయరు, మిరియమునే వాడుదురు. పితృదేవతలెరిగిన రుచి అదియే మరి. పూరీ జగన్నాథుని మహాప్రసాదమునను మిరపకు చోటు లేదు. శాసనములకన్న వంటిల్లు కొన్ని విషయములను బాగుగా జ్ఞాపకము ఉంచుకొనును.

ఇక రాజాజ్ఞ గాని, కంపెనీ ప్రోత్సాహము గాని లేక ఈ కాయ ఇంత వేగముగా ఎట్లు వ్యాపించినది? కాఫీ, తేయాకు తోటలకు పెట్టుబడిదారులు కావలసివచ్చిరి. బంగాళాదుంపకు బస్తాలకొలది విత్తనపు దుంపలు మోయవలెను. చెరకునకు ముక్కలు బండ్లకెత్తవలెను. మిరపకు ఒక కాయ చాలును. ఇది అలంకారము కాదు, లెక్క. పండుకాయలో అరువది గింజలుండుట సామాన్యము. నూటికి అరువది మొలచినచో 36 మొక్కలు. మొక్కకు ఏబది కాయలే కాసినను మొదటి ఏటికి 1,800 కాయలు. వాని గింజలన్నియు అదే పాళ్లలో మొలచినచో రెండవ ఏటికి 64,800 మొక్కలు. రెండడుగుల ఎడమున నాటినచో అవి ఆరు ఎకరములకు సరిపోవును. నావికుని సంచిలోని కాయ ఒకటి రెండేండ్లలో ఊరి పొలమగుటకు ఇంతకన్న ఏమి కావలెను? పైగా ఎండినకాయ తనకు తానే పెట్టె. గింజలు అందులో తేమ తగులక, పురుగు ముట్టక, నెలలకొలది పడవ ప్రయాణమును ఓర్చుకొనును. తిండికని తెచ్చుకొన్నదియే విత్తనమైనది. తెచ్చినవారి పేర్లు ఏ గ్రంథమునను లేవు. గింజలను ఏరి దాచినవారు ఆడవారై యుందురనుటకు ఇంటింటి పెరడే సాక్ష్యము.

అయితే ఏ కాయ గింజయైనను మొలచునని అనుకొనరాదు. లేతపచ్చి కాయలోని గింజ చూపులకు నిండుగానే యుండును. ఎండగానే ముడుచుకొని తాలుపోవును. లోపలి అంకురము పూర్తిగా ఏర్పడకమునుపే కాయను కోసితిమి గదా. కాయ చెట్టుననే ఎఱ్ఱబారిన పిదపనే గింజకు బలము. అప్పుడును కోసిన వెంటనే చీల్చి నాటిన గింజలు మొలవకపోవు గాని, ఒకటొకటిగా, ఆలస్యముగా మొలచును. పండుకాయను పది పదునైదు దినములు నీడను ఉంచి, తొడిమ వాడి, తోలు మెత్తబడిన పిదప తీసినచో మొలక ఎక్కువగాను, ఒక్కుమ్మడిగాను వచ్చును. కాయ కోసిన తరువాతను గింజ లోపల పండుట సాగుచునే యుండునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు పరీక్షించి చెప్పిన మాట ఇది. పండుమిరపను కొన్నినాళ్లు చూరున వ్రేలాడదీసి తరువాత విత్తనము తీయు వాడుకలోని మంచి ఇదియే.

మిరపగింజలోనే కారమున్నదని చాలమంది నమ్మకము. కారము గింజలో పుట్టదు. గింజలు అంటుకొనియుండు తెల్లని పొరలో పుట్టును. గింజకు పైపైన తగులునదే గాని లోపల లేదు. గింజలు దులిపినచో కారము తగ్గుట నిజమే. ఆ పొరయు వానితోపాటు పోవుట వలన. ఆ కారమున కొక ప్రయోజనము కలదు. క్షీరదములు కాయను దంతములతో నమలి గింజను నాశనము చేయును. పక్షులు మ్రింగి, గింజను చెడకుండ దూరమున విడుచును. మిరపలోని మంటను తెలిసికొను శక్తి పక్షులకు లేదు, మనకు కలదు. అడవి మిరప తన విత్తును ఎవరికి అప్పగింపవలెనో ఎవరికి అప్పగింపరాదో ఆ మంటతో నిర్ణయించుకొన్నదని 2001లో అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షాపూర్వకముగా చూపిరి. మంటకు బెదరవలసిన జంతువు బెదరక, దానికే మరిగి, పక్షులకన్న దూరముగా విత్తును మోసికొనిపోవునని ఆ మొక్క ఊహించి యుండదు! ఛత్తీస్‌గఢ్ ఉత్తరపు కొండలలో, సర్గుజా ప్రాంతమున, పెరటిలో పెంచు ‘జైయా’ అను చిరుమిరప కలదు. కాయ చిన్నది, మంట పెద్దది. అడవినాటి గుణము దానియందు నేటికిని మిగిలియున్నది.

విత్తు వెళ్లిన బాటన మనుష్యులును వచ్చుచుందురు. మిరపకాయలన్నియు ఒకేమారు పండవు. ఒకే చేనిలో నాలుగైదు పర్యాయములు దిగి చేతితో ఏరవలెను. అందుకు చేతులు చాలక, ఖమ్మము, భద్రాద్రి, ములుగు ప్రాంతములలో బీజాపూర్, సుక్మా, దంతెవాడ జిల్లాల ఆదివాసి కూలీలను పిలుతురు. ఏటేట కోతల కాలమున వారు పిల్లలతో సహా అడవి దాటి దిగివత్తురు. 2020 మార్చిలో మహమ్మారి కారణముగా దేశమంతట రాకపోకలు నిలిచిపోయినప్పుడు వారు చేలగట్టులపై చిక్కుకొనిరి. ఏప్రిల్‌లో, ములుగు జిల్లా పేరూరు నుండి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి తోటివారితో అడవిదారిన నడచి బయలుదేరిన 12 ఏండ్ల బాలిక, మూడు దినములు నడచి, ఇల్లు ఇంకను కొద్ది కిలోమీటర్లుండగా మరణించెను. తెలుగువాని పచ్చడి జాడీ వెనుక ఆ చేతులున్నవి. మిరప చరిత్ర వ్రాయువారు గోవా ఓడలను గూర్చి వ్రాసి ఈ కాలినడకను విడిచినచో అది సగము చరిత్రయే.

ఇక విత్తన విషయము. గుంటూరు చెంత లాం పరిశోధన క్షేత్రము వారు రైతుల చేలలోని మిరపలనుండి మంచివాటిని ఎంచి జి-1 మొదలైన రకములను, పిమ్మట ఎల్.సి.ఎ. వరుస రకములను వెలువరించిరి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారి పూసా జ్వాల దేశమంతట పెరడులకెక్కినది. ఈ రకముల కాయనుండి తీసిన విత్తు తల్లివంటి మొక్కనే ఇచ్చును. పక్కన వేరు రకము లేకున్నచో. ఈ షరతును మరువరాదు. మిరపపూవు తన పుప్పొడితోనే ఫలించగలదు గాని, తేనెటీగ పొరుగు పుప్పొడిని తెచ్చుటయు సామాన్యము. అందువలన ధ్రువీకృత విత్తనమునకు కనీసము 200 మీటర్ల ఎడముండవలెనని నియమము. కలిసిన సంగతి ఆ ఏటి కాయలో తెలియదు, కాయ తల్లిదే. మరుసటి ఏడు ఆ గింజ మొలచి కాచినప్పుడు తండ్రి ఎవరో బయటపడును.

1990ల నుండి సంకర విత్తనములు చేలను ఆవరించినవి. వాని దిగుబడిని కాదనుట అన్యాయము. అయితే సంకరపు కాయలోని గింజ మొలవదని కొందరనుట సరికాదు. మొలచును, చక్కగా మొలచును. మొలచిన మొక్కలు మాత్రము ఒకదానివలె ఒకటి యుండవు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒకదానికి కాపు, ఒకదానికి లేదు. కనుక రైతు ఏటేట దుకాణమునకు పోవలసినదే. నాలుగు శతాబ్దములు ఇంటి చూరున వ్రేలాడిన విత్తనము ఒక్క తరములో పొట్లములోనికి పోయినది. చట్టము రైతుపక్షముననే యున్నది: 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టములోని 39వ సెక్షను ప్రకారము, రైతు తన పంటనుండి విత్తనమును దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, అమ్మవచ్చును, సంరక్షిత రకపు విత్తనమును ముద్రవేసిన పొట్లముగా అమ్మరాదు, అంతే. హక్కు కాగితమున భద్రముగా నున్నది. దాచదగిన విత్తు చేతిలో లేనివానికి ఆ హక్కుతో ఏమి పని?

ఈ మాట రాయపూరువారికి క్రొత్త కాదు. 1970లలో డాక్టరు రిఛారియా అచ్చటి వరి పరిశోధన సంస్థకు అధిపతిగానుండి, ఊరూర తిరిగి, పదిహేడువేలకు పైగా వరి నమూనాలను కూర్పించెను. రైతు మడిలోనిదియే మేలైన విత్తనశాల యని ఆయన నమ్మకము. ఆ నిధి రాయపూరులోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయమున నేడున్నది. వరికి అట్టి పోషకుడు దొరకెను. పెరటి మిరపకు పెరటివారే దిక్కు.

అభన్‌పూర్ వంటి చోట మిరప నారునకు రెండు కాలములు కలిసివచ్చును. డిసెంబరు, జనవరి రాత్రులు చలికి గింజ ముణగదీసికొని పడియుండును. 15 డిగ్రీలకు దిగువను మొలకలకు ఆశపడరాదు. చలి విరిగిన ఫిబ్రవరి చివరను గాని, జూనులో తొలివానలు పడిన వెంటనే గాని పోసినచో, 25 నుండి 30 డిగ్రీల వెచ్చదనమున ఏడు నుండి పది దినములలో మొలక కనబడును. చలిలో అదే గింజ మూడు వారములు తీసికొనును. విత్తనమునకు మంచి చెట్టు మధ్యకాపులోని, మచ్చ లేని పండుకాయ కావలెను. కాయకుళ్లు గింజ వెంటనే మరుసటి ఏటికి వచ్చును గనుక మచ్చకాయను కూరలోనికైనను వేయవచ్చును గాని విత్తునకు ఉంచరాదు. గింజలను తెల్లపొర నుండి విడదీసి, కడిగి, నీటిపై తేలినవానిని పారవైచి, నీడలో ఆరబెట్టవలెను. కాలిన బండపై ఎండబెట్టిన గింజ మొలవదు. అనుమానమున్నచో నూరు గింజలను తడిబట్టలో చుట్టి వెచ్చని మూలనుంచి, రెండు వారములకు విప్పి లెక్కింపవచ్చును. అరువది మొలచినచో చాలును. విత్తన ధ్రువీకరణకు సర్కారు పెట్టిన కనీసమును అంతియే.

మడిని జానెడెత్తున లేపవలెను. వానకాలమున కన్హార్ నేల నీటిని వదలదు. నీరు నిలిచినచో నారుకుళ్లు ఒక్క రాత్రిలో మడినంతను పడవేయును. చివికిన ఎరువును మట్టిలో కలిపి, అరంగుళము లోతున పలుచగా గీతలు గీసి, గింజలు రాల్చి, మట్టి కప్పి, పైన వరిగడ్డి పరచి తడుపవలెను. చీమలు గింజలు మోసికొని పోకుండ చుట్టును బూడిద చల్లుదురు. వారము దాటగా గడ్డిని ఎత్తిచూచినచో మట్టిలోనుండి దారపు కొక్కెము వలె వంగిన తెల్లని కాడలు కనబడును. గడ్డిని అప్పుడే తీసివేయవలెను; ఒక్కదినము ఆలస్యమైనను కాడ సాగి పాలిపోవును. కొన్నింటికి గింజ తొక్క టోపీవలె తలపై నిలిచియుండును. చేతితో లాగరాదు, సాయంకాలము నీరు చిలకరించినచో తెల్లవారునప్పటికి అదియే రాలిపోవును. ఆరు వారములకు నారు జానెడగును. పీకుటకు ముందు మడిని బాగుగా తడిపి, వేళ్లు తెగకుండ తీసి, ఎండ తగ్గిన తరువాత నాటుదురు.